మొబైల్ టెస్టింగ్ అంటే చిన్న స్క్రీన్ మీద వెబ్ టెస్టింగ్ కాదు

చిత్తూరు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. రెండేళ్ళుగా వెబ్ టెస్టింగ్ చేస్తున్నాడు, సెలీనియం (బ్రౌజర్‌ని స్క్రిప్ట్‌తో నడిపి పరీక్షించే టూల్) బాగా వచ్చు, వచ్చే నెల నుంచి మొబైల్ టీమ్‌లో వేస్తున్నారట. "అన్నా, లాగిన్ అదే, ఫారం అదే, పేమెంట్ అదే. చిన్న స్క్రీన్ మీద చూడటమే కదా తేడా? అపియం కోర్సు చేస్తే చాలా? ఇంట్లో నేర్చుకోవడానికి ఏ ఫోన్ కొనుక్కోవాలి?" అంటున్నాడు. (అపియం అంటే మొబైల్ యాప్‌లని స్క్రిప్ట్‌తో పరీక్షించే టూల్.)

తమ్ముడూ, నేను తిరుపతిలో ఉండి పదమూడేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. మొదటి ఐదేళ్ళు వెబ్, ఆ తర్వాతంతా మొబైల్. టీమ్ మారిన రోజు నేనూ నీలాగే అనుకున్నాను. అందుకే ముందు నా చేతి మీదుగా జరిగిన ఒక తప్పు చెప్తాను.

అది పాల సేకరణ యాప్. చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లోని పాల సెంటర్ల కోసం చేశాం. పొద్దున అయిదున్నరకల్లా రైతులు క్యాన్లతో వరసలో నిలబడతారు. సెంటర్ నడిపే అబ్బాయి పాలు కొలిచి, మెషీన్‌లో ఫ్యాట్ చూసి, రైతు నంబరు, లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాక పాలల్లో ఉండే మిగతా ఘనపదార్థం) కొట్టి సేవ్ నొక్కుతాడు. అంతకుముందు ఇదే పని కంప్యూటర్‌లో వెబ్ పేజీ మీద జరిగేది. దాన్నీ నేనే టెస్ట్ చేశాను. కాబట్టి ఆ టెస్ట్ కేసులే తీసుకుని, ఆఫీసు వైఫై మీద, ఛార్జింగ్ నిండుగా ఉన్న కొత్త ఫోన్‌లో నడిపాను. అన్నీ పాస్. సెంటర్లకి యాప్ ఇచ్చిన నాలుగో రోజు ఫోన్ వచ్చింది: "సార్, ఒకామెకి ఎనిమిది లీటర్లు రెండుసార్లు పడింది."

మర్నాడు తెల్లవారుజామున బండేసుకుని ఆ సెంటర్‌కి పోయి మెషీన్ పక్కనే నిలబడ్డాను. అబ్బాయి సేవ్ నొక్కాడు. సిగ్నల్ గీతలు రెండు కనిపిస్తున్నాయి, స్క్రీన్ మీద చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. ఇరవై సెకన్లకి "మళ్ళీ ప్రయత్నించండి" అని వచ్చింది. వెనక జనం ఎదురుచూస్తున్నారు. మళ్ళీ నొక్కాడు, ఈసారి సేవ్ అయింది. నిజానికి మొదటిసారే ఎంట్రీ సర్వర్‌కి చేరిపోయింది. చేరినట్టు తిరిగి రావాల్సిన జవాబు దారిలో పోయింది. యాప్ దాన్ని ఫెయిల్ అనుకుంది, మనిషి కూడా అలాగే అనుకున్నాడు.

పాత వెబ్ పేజీలోనూ ఈ లోపం ఉండే ఉంటుంది. కానీ అక్కడ కేబుల్ నెట్. ఉంటే ఉండేది, పోతే పూర్తిగా పోయేది. వచ్చీ రానట్టుండే నెట్ ఆ కంప్యూటర్‌కి తెలియదు కాబట్టి లోపం బయటపడలేదు. ఫోన్‌కి మాత్రం అదే రోజువారీ పరిస్థితి. ఎక్కువ పడిన డబ్బు తర్వాత బిల్లులో తగ్గిస్తే ఆమెకి అది కోతగానే కనిపిస్తుంది. ఆ మాట ఆమె నా ముందే అంది. ఆ రోజు నుంచి నేను టెస్ట్ చేసే పద్ధతి మారింది.

దాన్ని ఎలా సరిచేశామంటే, సేవ్ నొక్కిన క్షణంలోనే ఫోన్ ఆ ఎంట్రీకి ఒక ప్రత్యేక నంబరు తయారుచేస్తుంది. ఎన్నిసార్లు పంపినా అదే నంబరు వెళ్తుంది. సర్వర్ దగ్గర ఆ నంబరు ఇప్పటికే ఉంటే కొత్తగా రాయదు, "చేరింది" అని మాత్రం జవాబిస్తుంది. టెస్టర్‌గా దీన్ని పట్టుకోవాలంటే ఏరోప్లేన్ మోడ్ పెట్టి చూస్తే దొరకదు. ఏరోప్లేన్ మోడ్‌లో రిక్వెస్ట్ బయటికే పోదు. ఫోన్‌కీ సర్వర్‌కీ మధ్య చార్లెస్ లాంటి ప్రాక్సీ (మధ్యలో నిలబడి వచ్చేపోయేవాటిని చూపించే, ఆపగలిగే టూల్) పెట్టి, రిక్వెస్ట్‌ని పోనిచ్చి, జవాబుని మాత్రం ఆపాలి. మొబైల్ టీమ్‌లో చేరిన మొదటి వారంలోనే ఇది చేసి చూడు.

ఇక నీ మొదటి ప్రశ్నకి జవాబు. వెబ్‌లో మనం స్క్రీన్లని పరీక్షిస్తాం, మొబైల్‌లో స్క్రీన్ల మధ్య జరిగేదాన్ని పరీక్షించాలి. లాగిన్ పేజీలో తప్పు పాస్‌వర్డ్ కొడితే ఏమవుతుందో రెండు చోట్లా ఒకటే. పాస్‌వర్డ్ సగం కొట్టాక ఫోన్ వస్తే, ఓటీపీ చూడటానికి మెసేజ్‌లలోకి పోయి వస్తే, నొక్కగానే బస్సు ఘాట్ రోడ్డు మలుపు తిరిగి సిగ్నల్ పోతే, బ్యాటరీ సేవర్ ఆన్ అయితే ఏమవుతుంది? ఈ ప్రశ్నలు వెబ్ టెస్టర్‌కి అలవాటు ఉండవు.

అన్నిటికంటే ఎక్కువ బగ్గులు నాకు దొరికింది యూపీఐ పేమెంట్ దగ్గర. వెబ్‌లో బ్రౌజర్ ట్యాబ్ మామూలుగా అలాగే ఉంటుంది, పేమెంట్ పేజీకి పోయి తిరిగొస్తావు. ఫోన్‌లో మన యాప్ పక్కకి తప్పుకుని యూపీఐ యాప్ ముందుకొస్తుంది. ర్యామ్ తక్కువున్న ఫోన్‌లో ఆ పెద్ద యాప్‌కి చోటు కావాలి కాబట్టి వెనకున్న మన యాప్ ప్రాసెస్‌ని, అంటే నడుస్తున్న యాప్‌ని, ఆండ్రాయిడ్ చంపేయవచ్చు. అది ఆండ్రాయిడ్ తప్పు కాదు, దాని నియమమే అది. పిన్ కొట్టి, డబ్బు కట్టి తిరిగొచ్చేసరికి యాప్ మళ్ళీ మొదటినుంచి పుడుతుంది. డెవలపర్ ఆర్డర్ నంబరుని మెమరీలో మాత్రమే పెట్టుకుని ఉంటే అది పోయినట్టే. ఖాతాలో డబ్బు కట్ అయింది, యాప్‌లో హోమ్ స్క్రీన్ కనిపిస్తోంది. ఆ మనిషి ఏం చేస్తాడు? మళ్ళీ కడతాడు.

ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న ఆఫీసు ఫోన్‌లో ఇది అంత తేలిగ్గా రాదు. కాబట్టి నువ్వే రప్పించాలి. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో "డోంట్ కీప్ యాక్టివిటీస్" అని ఉంటుంది. చాలామంది దాన్ని ఆన్ చేసి, ప్రాసెస్ చావుని కూడా టెస్ట్ చేసేశాం అనుకుంటారు. అది వదిలి వచ్చిన స్క్రీన్లని తీసేస్తుందంతే, ప్రాసెస్ బతికే ఉంటుంది, మెమరీలో దాచినవి అలాగే ఉంటాయి. అసలు పరీక్ష ఇలా చెయ్యి: యూపీఐ యాప్ తెరుచుకున్నాక ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపి, ఫోన్‌కి ఆదేశాలు పంపే ఏడీబీ టూల్‌లో "ఏడీబీ షెల్ ఏఎం కిల్" (adb shell am kill) కమాండ్‌తో మన యాప్ ప్యాకేజీ పేరు ఇచ్చి చంపు, తర్వాత పేమెంట్ పూర్తిచేసి తిరిగి రా. ఆర్డర్ ఏ స్థితిలో ఉందో యాప్ సర్వర్‌ని అడిగి చూపించాలి. చూపించలేదంటే అది చిన్న బగ్ కాదు, విడుదల ఆపమని గట్టిగా అడుగు.

నెట్‌వర్క్ విషయానికొస్తే, నాకు భాకరాపేట ఘాట్ మంచి గురువు. తిరుపతి నుంచి మదనపల్లె బస్సెక్కితే రంగంపేట దాటాక సిగ్నల్ ఒక్కోసారి పూర్తిగా పోతుంది, ఒక్కోసారి గీతలుంటాయి కానీ డేటా నడవదు, మళ్ళీ దిగేటప్పుడు ఉన్నట్టుండి వస్తుంది. కొత్త బిల్డ్ (టెస్ట్‌కి ఇచ్చే యాప్ కాపీ) వచ్చినప్పుడు ఆ బస్సులో కూర్చుని యాప్ వాడతాను. నెట్ పూర్తిగా లేకపోవడం యాప్‌లకి పెద్ద సమస్య కాదు, ఎర్ర బ్యానర్ చూపిస్తాయి. ఉందో లేదో తెలియని నెట్ దగ్గరే తడబడతాయి. అలాగే ఇంటి వైఫై దాటి వీధిలోకొస్తే ఫోన్ మొబైల్ డేటాకి మారుతుంది, ఐపీ అడ్రస్ మారిపోతుంది, అప్పటిదాకా తెరిచి ఉన్న కనెక్షన్ తెగుతుంది. సగం ఎక్కిన ఫోటో ఏమైంది? రైల్వే స్టేషన్ వైఫైలో కనెక్ట్ అయినట్టు కనిపిస్తుంది గానీ ఓటీపీ ఇచ్చేదాకా నెట్ రాదు. దాన్ని యాప్ నెట్ ఉందనే అనుకుంటుందా? బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి మన తిరుపతిలో టవర్ల మీద ఎంత ఒత్తిడి ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఆ జనంలో నిలబడి టికెట్ చూపించాల్సిన యాప్ అయితే, ముందే డౌన్‌లోడ్ అయిన టికెట్ నెట్ లేకుండా తెరుచుకోవాలి. ఇది టెస్ట్ కేసుల్లో మొదటి వరసలో ఉండాలి.

రెండో పెద్ద తేడా, వదిలిన వెర్షన్ మన చేతిలో ఉండదు. వెబ్‌లో బగ్ దొరికితే సాయంత్రానికి సర్వర్‌లో సరిచేస్తాం, పేజీ రిఫ్రెష్ చేసినవాళ్ళకి కొత్తది వస్తుంది, బ్రౌజర్ దాచుకున్న పాత కాపీ (cache) చూపించే గొడవలు ఒకటీ అరా ఉంటాయి. యాప్ అలా కాదు. స్టోర్ వాళ్ళ తనిఖీ (రివ్యూ) దాటాలి, ఆ తర్వాత మనిషి అప్‌డేట్ చేసుకోవాలి. ఫోన్‌లో చోటు లేక అప్‌డేట్లు ఆపేసుకున్నవాళ్ళు బోలెడంతమంది. ప్లే స్టోర్‌లో కొద్ది శాతం మందికే వదిలి చూసే వీలుంది. యాపిల్‌లో దశలవారీ విడుదల పెడితే ఏడు రోజుల్లో 1, 2, 5, 10, 20, 50, 100 శాతంగా పెరుగుతుంది. రెండు చోట్లా మధ్యలో ఆపవచ్చు. ఆపితే ప్లే స్టోర్‌లో కొత్తవాళ్ళకి వెళ్ళడం ఆగుతుంది, యాపిల్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ మాత్రమే ఆగుతుంది, అప్పటికే దిగిన ఫోన్లలో ఆ బగ్ అలాగే కూర్చుంటుంది.

దీనివల్ల నీ పని రెండు రకాలుగా పెరుగుతుంది. ఒకటి, ఎప్పుడూ కొత్తగా ఇన్‌స్టాల్ చేసి టెస్ట్ చేసే అలవాటు మానుకో. పాత వెర్షన్ పెట్టి, లాగిన్ అయి, డేటా నింపి, కొన్ని ఎంట్రీలు ఇంకా సర్వర్‌కి పోకుండా ఉంచి, దాని మీద కొత్తది ఎక్కించు. ఫోన్ లోపలి డేటాబేస్ పట్టిక మారితే అక్కడే పగులుతుంది. నిన్నటి వెర్షన్ నుంచే కాదు, మూడు నాలుగు వెర్షన్ల వెనక నుంచి నేరుగా దూకించి కూడా చూడు. రెండు, సర్వర్ వాళ్ళు ఏపీఐ (యాప్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి) మార్చిన ప్రతిసారీ పాత యాప్‌తో కూడా నడిపి చూడు. వెబ్‌లో పేజీ, సర్వర్ కలిసి మారతాయి. ఇక్కడ సర్వర్ ఈ రోజు మారుతుంది, ఫోన్‌లో యాప్ ఏడాది కిందటిది ఉంటుంది. "దయచేసి అప్‌డేట్ చేసుకోండి" అని ఆపే స్క్రీన్ మొదటి విడుదలలోనే ఉండాలని నేను ప్రతి ప్రాజెక్టులో పట్టుబడతాను. తర్వాత పెట్టినా, అది లేని పాత వెర్షన్లకి ఏం చెప్పలేం.

మనం ఏమీ మార్చకపోయినా యాప్ పడిపోయే రోజులు కూడా ఉంటాయి. 2021 మార్చిలో ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ (యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే భాగం) అప్‌డేట్ ఒకటి తేడాగా వచ్చి, ఎన్నో దేశాల్లో యాప్‌లు తెరవగానే మూతపడ్డాయి. గూగుల్ దాన్ని సరిచేసి కొత్త అప్‌డేట్ ఇచ్చాకే కుదుటపడ్డాయి. తెలుగువాళ్ళకి బాగా గుర్తుండాల్సింది ఇంకోటుంది. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు కలిసి, మెసేజ్‌గా వస్తే ఐఫోన్లు క్రాష్ అయ్యాయి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చి దాన్ని సరిచేసింది. మన లిపిని ఎవరూ సరిగా పరీక్షించకపోతే ఏమవుతుందో అప్పుడే తెలిసింది.

తెలుగు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఒకసారి ఊరి పేరు ఎంచుకునే బటన్‌ని టెస్ట్ చేస్తూ నేను ఎప్పుడూ "తిరుపతి" అనే కొట్టేవాణ్ని. అంతా బాగానే కనిపించేది. తిరుపతిలో ఒక్క ఒత్తు కూడా లేదు! ఒక రోజు "శ్రీకాళహస్తి" కొడితే "స్తి" కింద ఉండాల్సిన తకారపు ఒత్తు సగానికి తెగిపోయింది. బటన్ ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకి కొలిచి పెట్టారు. "రాష్ట్రం" కొడితే ఇంకా అన్యాయం, కింద ఏముందో చదవలేం. వెబ్‌లో పెట్టె సాధారణంగా అక్షరాలని బట్టి సాగుతుంది, యాప్‌లో గట్టిగా కొలతలు పెట్టేస్తే సాగదు. పైగా ఫోన్లలో పెద్దవాళ్ళు అక్షరం సైజు పెంచుకుంటారు. ఆండ్రాయిడ్ 14 నుంచి 200 శాతం దాకా పెంచుకోవచ్చు. సైజు చివరిదాకా పెంచి, తెలుగు పెట్టి, ఒత్తులున్న ఊళ్ళ పేర్లతో ప్రతి స్క్రీన్ చూడు. కీబోర్డ్ పైకి లేచినప్పుడు సేవ్ బటన్ దాని వెనక దాక్కుంటుందేమో కూడా అప్పుడే చూసేయ్.

పర్మిషన్ల గురించి పెద్దగా చెప్పను, ఒక పూట కూర్చుంటే నీకే వస్తుంది. లొకేషన్, కెమెరా లాంటివాటికి అనుమతి యాప్ నడుస్తున్నప్పుడు అడగడం ఆండ్రాయిడ్ 6 నుంచి ఉంది. ఆండ్రాయిడ్ 11 నుంచి రెండుసార్లు వద్దంటే ఇక అనుమతి అడిగే పెట్టె రాదు, చాలా నెలలు వాడని యాప్‌కి ఇచ్చిన అనుమతులు వాటంతట అవే పోతాయి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కీ అనుమతి అడగాలి. "వద్దు" అన్న మనిషికి యాప్ ఎలా కనిపిస్తుందో చూడటం ముఖ్యం, "సరే" అన్న దారిని అందరూ చూస్తారు. కొన్ని ఫోన్లలో ఆటోస్టార్ట్ అనే సెట్టింగ్ ఆఫ్‌లో ఉంటే వెనక జరగాల్సిన సింక్ (సర్వర్‌తో డేటా పంచుకోవడం) అసలు జరగదు. ఒకే ఆండ్రాయిడ్ వెర్షన్ ఉన్న రెండు ఫోన్లు రెండు రకాలుగా నడుచుకోవడానికి కారణం ఇలాంటివే.

ఇదంతా విని వెబ్ తేలికని అనుకోకు. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబుల్లో ఒకే ఖాతా తెరవడం, వెనక్కి బటన్, యూఆర్ఎల్‌లో నంబరు మార్చి వేరేవాళ్ళ బిల్లు చూడటం, ఎక్స్‌టెన్షన్లు పేజీని చెడగొట్టడం ఇవన్నీ వెబ్ కష్టాలే. నువ్వు రెండేళ్ళు నేర్చుకున్న బౌండరీ విలువలు (హద్దుల దగ్గరి అంకెలతో పరీక్షించడం), ఏపీఐ పరీక్షలు, ఎస్‌క్యూఎల్, స్పష్టంగా బగ్ రాయడం, అన్నీ అక్షరం పొల్లుపోకుండా పనికొస్తాయి. బగ్ రిపోర్టులో ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, యాప్ బిల్డ్, నెట్ ఏది, బ్యాటరీ సేవర్ ఉందా లేదా, ఇవి చేర్చు. దాంతోపాటు లాగ్‌క్యాట్ (ఫోన్ లోపల జరిగినవి నమోదయ్యే లాగ్) తీసి జతచెయ్యి. "నా ఫోన్‌లో బాగానే ఉంది" అన్న జవాబు అప్పుడు రాదు.

మేనేజర్ "ఇంత లోతుగా ఎందుకు" అంటే ఈ అంకెలు చూపించు. రోజూ వాడేవాళ్ళలో 1.09 శాతం మందికి కళ్ళముందే క్రాష్ కనిపించినా, 0.47 శాతం మందికి యాప్ బిగుసుకుపోయినా గూగుల్ ప్లే ఆ యాప్‌ని నాణ్యత తక్కువదిగా లెక్కేసి వెతుకులాటలో వెనక్కి నెట్టవచ్చు. ఒక్క మోడల్ ఫోన్‌లో అది 8 శాతం దాటితే ఆ ఫోన్‌లో యాప్ పేజీ మీదే హెచ్చరిక కనిపించవచ్చు. బిగుసుకుపోవడమంటే, తాకినదానికి ఐదు సెకన్లు స్పందించకపోవడం.

అపియం సంగతి. నేర్చుకో, కానీ దానితో మొదలుపెట్టకు. అది సెలీనియంలో ఉన్న వెబ్‌డ్రైవర్ పద్ధతి మీదే నడుస్తుంది, కాబట్టి నీకు రాయడం త్వరగానే వచ్చేస్తుంది. స్క్రీన్ మీద బటన్ లాంటివాటిని గుర్తించడానికి సీఎస్ఎస్ సెలెక్టర్ల బదులు రిసోర్స్ ఐడీ, యాక్సెసిబిలిటీ ఐడీ వాడతావు. హైబ్రిడ్ యాప్ (లోపల వెబ్ పేజీలు కూడా ఉండేది) అయితే నేటివ్ నుంచి వెబ్‌వ్యూకి మారడం తెలుసుకోవాలి. అంతకంటే ముందు మూడు నెలలు ఫోన్ చేత్తో పట్టుకుని టెస్ట్ చెయ్యి. నేను పైన చెప్పిన బగ్గుల్లో ఒక్కటి కూడా స్క్రిప్ట్ తనంతట తాను కనిపెట్టలేదు. ఏం వెతకాలో నీకు తెలిశాక, దాన్ని ప్రతి బిల్డ్‌కీ మళ్ళీ మళ్ళీ చేయడానికి స్క్రిప్ట్ కావాలి. కోర్సుకి వేలు కట్టే ముందు అపియం సొంత డాక్యుమెంటేషన్ చదువు. అది ఉచితం, బాగుంటుంది కూడా.

చివరిగా ఫోన్. కొత్తది కొనకు. 3 లేదా 4 జీబీ ర్యామ్ ఉన్న రెండు మూడేళ్ళ పాత ఆండ్రాయిడ్ ఫోన్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకో, బ్యాటరీ కాస్త బలహీనంగా ఉన్నా పరవాలేదు. వేరే వెర్షన్లకి ఆండ్రాయిడ్ స్టూడియోలోని ఎమ్యులేటర్ (కంప్యూటర్ మీద నడిచే నకిలీ ఫోన్) చాలు, కాకపోతే వేడెక్కడం, తడి వేళ్ళు, ఎండలో కనిపించకపోవడం అందులో తెలియవు. అప్పుడప్పుడు మీ అమ్మగారి ఫోన్ అడిగి తీసుకో. వాట్సాప్ వీడియోలతో మెమరీ నిండిపోయి, అక్షరాలు పెద్దవిగా పెట్టి, సగం అనుమతులు ఆఫ్ చేసి ఉన్న ఆ ఫోన్‌లో మీ బిల్డ్ ఎక్కించి చూడు. ఐఫోన్ కావాలంటే, టీమ్‌లో చేరాక కంపెనీనే అడుగు. ఐఓఎస్ యాప్ బిల్డ్ చేయాలన్నా, ఎక్స్‌సీయూఐటెస్ట్ (ఐఓఎస్ యాప్‌లని పరీక్షించే యాపిల్ టూల్) నడపాలన్నా మ్యాక్ కూడా కావాలి, దానికి సొంత డబ్బు పెట్టకు.